వరద విడిచిన యిల్లు

లేవీయకాండము 14వ అధ్యాయమున ఒక యింటి సంగతి కలదు. బైబిలు తరగతులలో ఆ భాగమును మనము తఱుచు త్వరగా దాటిపోవుచుందుము. ఏలయన అందు కథ లేదు, యుద్ధము లేదు, రాజు లేడు. ఇంటి గోడలమీద పచ్చనివో యెఱ్ఱనివో పల్లపు చారలు కనబడినచో ఇంటి యజమానుడు పోయి యాజకునితో చెప్పవలెను. యాజకుడు లోపల నడుగు పెట్టకముందే సామానంతయు బయట బెట్టవలెను. అతడు చూచి, యిల్లు ఏడు దినములు మూయించి, ఏడవనాడు మఱల వచ్చి చూచును. పొడ వ్యాపించియున్నచో అది పట్టిన రాళ్లను ఊడదీయించి, లోపలి గోడలను చుట్టును గీయించి, ఆ పెళ్లలను ఊరివెలుపల పాఱబోయించి, వేఱు రాళ్లను బెట్టించి, వేఱు అడుసుతో పూయించును. అంతటితో నిలిచెనా, ఇల్లు శుద్ధము. మఱల పుట్టెనా, ఇల్లే పడగొట్టవలెను.

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున తొమ్మిదవ తరగతి వారికి ఈ భాగమును చదివి వినిపించుచుండగా, వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, “అండీ, మా యింటి గోడ ఇప్పుడట్లే యున్నది” అని పలికెను. తరగతిలో నెవరును నవ్వలేదు. ఆ పిల్లలలో సగముమంది యిండ్లు అట్లే యుండెను. మా యిల్లును అట్లే యుండెను. ఆనాటి పాఠము లేవీయకాండమును విడిచి గోడలమీదికి పోయినది. తరువాతి వారమును అందే గడచినది. ఆ పాఠమునే, తరువాతి మాసములలో మేము నేర్చుకొన్న దానితో గూర్చి, ఇచ్చట వ్రాయుచున్నాము. తలిదండ్రులు కూడ ఈ పత్రికను చదువుదురు గనుక కొన్ని మాటలు వారికొఱకును చెప్పెదము.

జరిగిన సంగతి అందఱెఱిగినదే. 2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో గలియు బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడ యుత్తరభాగమున సింగునగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మున్నగు చోట్ల ఇండ్లలోనికి జొచ్చెను. ఆ దినములలోనే కృష్ణయు ప్రకాశము బ్యారేజివద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి పాఱుచుండెను. రెండును ఒక్కసారి నిండియుండగా వీథులలోని నీటికి పోవు త్రోవ యేది? మా యింట మొలలోతు నీరు ఆఱు దినములు నిలిచెను. మేడలేని యిండ్లవారు పడిన పాట్లు మా పాట్లకంటె పెద్దవి. వానిని వర్ణించుట మా యుద్దేశము కాదు. నీరు తీసిన పిదప ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో, అదియే మా విషయము.

నీరు తీయగానే లోపలికి పరుగెత్తకుడు. వీథిలోని స్తంభమునుండి మీ యింటికి వచ్చు కరెంటును మొదట ఆపించవలెను. తడికాళ్లతో నిలిచి మెయిన్ స్విచ్చిని తాకరాదు. స్విచ్చిబోర్డుల పెట్టెలలో బురద చేరియుండును. పైకి ఆఱినట్లు కనబడినను లోపల తేమ యుండును. ఎలక్ట్రీషియను విప్పి, తుడిచి, పరీక్షించి సరే యనువఱకు దీపము వెలిగింపరాదు, ఫ్రిజ్జి వేయరాదు. తలుపు తెఱచునప్పుడు చేతిలో పొడుగు కఱ్ఱ యుంచుకొనుడు. వరదతో వచ్చిన పాములు అటుకలమీదను, బీరువాల వెనుకను, తడిసిన బట్టల కుప్పలలోను దాగును. కాలికి చెప్పులు కాదు, బూట్లుండవలెను. బురదలో గాజుపెంకులు, మేకులు ఉండును. గాయమైనచో ధనుర్వాతపు సూది విషయము వైద్యుని అడుగవలెను. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును గనుక, వరద పనిచేసిన పిమ్మట జ్వరము, కండరముల నొప్పులు కనబడినచో ఇంట మందులు వేసికొని కూర్చుండరాదు.

అపార్టుమెంటుల క్రింది సెల్లారులలో నిలిచిన నీటిని ఒక్కదినముననే తోడివేయుటకు కొందఱు తొందరపడుదురు. ఇది ప్రమాదము. వెలుపలి నేల నీటితో నానియున్నప్పుడు ఆ నేల గోడను లోపలికి త్రోయుచుండును. లోపలి నీరు దానికి ఎదురు త్రోయుచుండును. లోపలి నీటిని హఠాత్తుగా తీసినచో గోడ ఒంటరి యగును, కూలవచ్చును. కొంత తోడి, ఒక దినమాగి, వెలుపలి మట్టమును చూచి, మఱికొంత తోడవలెను. పదవ తరగతివారు ద్రవముల పీడనమును చదివియున్నారు గదా. ఇది ఆ పాఠమే.

బురదను పచ్చిగా నున్నప్పుడే తీయవలెను. ఆఱిన పిదప అది గచ్చుకు అంటుకొని పలుగుతో గాని రాదు. విజయవాడలో ఆ దినములలో అగ్నిమాపక శకటములను తెచ్చి వీథులను ఇండ్లను కడిగించిరి. ఆ సహాయము వచ్చువఱకు కూర్చుండినవారికంటె పారలతో ముందే బురద నెత్తివేసికొన్నవారికి పని తేలికయైనది. బురద తీసిన వెనుక సబ్బునీటితో కడిగి, ఆ వెనుకనే బ్లీచింగు పొడి వాడవలెను. ఈ క్రమము తప్పినచో పొడి దండుగ. బురదలోని మలిన పదార్థము క్లోరినును తానే త్రాగివేయును, క్రిములకు మిగులనీయదు. లీటరు నీటికి 15 గ్రాముల పొడి కలిపి, కొంతసేపు నిలువనిచ్చి, పైన తేరిన నీటితో నేలను తుడువవలెను. బ్లీచింగుతో మరుగుదొడ్డి కడుగు ఆసిడ్డును ఎన్నడును కలుపరాదు. ఆ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. అది ఊపిరితిత్తులను కాల్చును. ఇల్లు శుభ్రముగా నుండవలెనను ఆత్రముతో రెండును ఒకే బక్కెట్టులో పోయు తల్లులు కలరు గనుక ఈ మాటను పిల్లలు ఇంట చదివి వినిపింపవలెను.

ఇక గోడల సంగతి. ఇది మా పాఠములో ముఖ్యభాగము. మేము తప్పు చేసినదియు ఇందే.

మా తరగతిలో ఒక ప్రయోగము చేసితిమి. పొడి యిటుకను ఒకదానిని తూచి, పళ్లెములో వ్రేలెడు నీరుపోసి, అందు నిలువుగా నిలిపితిమి. నీరు వ్రేలెడే, కాని తడి గుఱుతు ఇటుకమీద పైకి ప్రాకుచు పోయెను. దీపపు వత్తిలో నూనె పైకెక్కు విధమిదియే. కేశనాళికల యాకర్షణ మందురు. మఱునాడు తూచునప్పటికి ఇటుక అర్ధ కిలోగ్రాము వఱకు పెరిగియుండెను. ఇప్పుడొక లెక్క. పది అడుగుల పొడవు, మూడడుగుల యెత్తు వఱకు నానిన తొమ్మిది అంగుళముల గోడయందు ఎన్ని యిటుకలున్నవి? పాతకొలత యిటుకలు ఘనపుటడుగునకు సుమారు 14 పట్టును. గోడ 22½ ఘనపుటడుగులు. అనగా మూడువందలకు మించిన యిటుకలు. ఒక్కొక్కదానిలో అర్ధ కిలోగ్రాము చొప్పున చూచినచో నూటయేబది లీటర్లు. పది బిందెల నీరు! గోడకు చేయి తగిలించినచో చల్లగా తోచును గాని లోపల పది బిందెలున్నవని ఎవరికి తోచును? ఒక గది నాలుగు గోడలకు లెక్కించుడని బాలురకు చెప్పగా వారు లెక్కించి ఆశ్చర్యపడిరి.

ఈ నీరు ఆవిరియై పోవలెను. వేఱు దారి లేదు. ఒక గ్రాము నీరు మన వేసవి వేడిలో ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల యుష్ణము కావలెను. ఆ యుష్ణము గాలినుండియు గోడనుండియు రావలెను, పుట్టిన యావిరి కిటికీగుండ బయటికి పోవలెను. కావుననే కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టినవారి గదులు ఆఱలేదు. కుంపటి పొగవలన ప్రాణాపాయము కూడ కలదు. ఎదురెదురు కిటికీలు తెఱచి, కరెంటు వచ్చిన పిదప ఫ్యాను వేసి, బీరువాలను గోడకు జానెడు దూరముగా జరిపియుంచిన గదులు ముందుగా ఆఱినవి. వాన పడుచున్నప్పుడు, మబ్బు క్రమ్మినప్పుడు బయటిగాలి లోపలి గాలికంటె తేమగా నుండును. అప్పుడు కిటికీలు మూయుట మేలు. ఇటుకగోడ నెలకొక అంగుళము చొప్పున ఆఱునని పనివారు ఒక మోటు లెక్క చెప్పుదురు. తొమ్మిది అంగుళముల గోడ రెండు ముఖములనుండి ఆఱినను నాలుగైదు నెలలు పట్టును. ఒక ముఖము పొరుగువారి గోడకు ఆనియున్నచో తొమ్మిది నెలలు.

సెప్టెంబరులో నానిన గోడ డిసెంబరునకు ఆఱదు. ఇదియే మాకు మ్రింగుడుపడని సత్యమైనది. క్రిస్మసునకు ముందు ఇల్లు వెల్లవేయుట మన కుటుంబములలో ఎంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు. ఆ సంవత్సరము అది మఱింత ముఖ్యమని తోచెను. పిల్లలు మూడు మాసములు బురద వాసనలో బ్రతికిరి. ఇంటికి నక్షత్రము కట్టి, గోడలు తెల్లగా చేసి, జరిగినదానిని మఱచిపోవలెనని ఇంటిల్లపాదికిని ఆశగా నుండెను. ముసలి మేస్త్రి యొకడు గోడను వ్రేలితో తట్టి చూచి, “మాస్టారుగారూ, గోడ తాగిన నీళ్లు ఇంకా కక్కలేదండీ. ఇప్పుడు రంగేస్తే ముఖం కడక్కుండా పౌడరు రాసినట్టే” అనెను. ఆ మాట మాకు రుచింపలేదు. రంగుల దుకాణమువాడు నీటికి జంకని రంగు గలదని చెప్పెను; ఆ మాట రుచించినది. ప్లాస్టిక్కు రంగు రెండు పూతలు వేయించితిమి. క్రిస్మసునాడు ఇల్లు మెఱయుచుండెను. వచ్చినవారందఱు మెచ్చిరి. జనవరి మూడవ వారమునకు గోడమీద నాణెములంత బొబ్బలు లేచినవి. ఫిబ్రవరికి పూత అప్పడమువలె ఊడివచ్చెను. దానివెనుక నల్లని బూజు చేయి వెడల్పున ప్రాకియుండెను. మా చిన్నపిల్లకు ఆ మాసములో దగ్గు పట్టి రాత్రులు నిద్రలేకపోయెను. దగ్గు బూజువలననే వచ్చినదని మేము రూఢిగా చెప్పజాలము. కాని ఉబ్బసము గల పిల్లలను బూజు గదిలో పడుకొనబెట్టరాదని వైద్యుడు మాతో చెప్పెను. మేము ఆ రాత్రినుండి పడకలను మార్చితిమి.

ఎందుకిట్లయినది? ప్లాస్టిక్కు రంగు పొరవంటిది. గోడలోని నీరు బయటికి రాబోయి ఆ పొరకు తగులుకొని ఆగిపోయెను. తడి, చీకటి, గాలి తగులని చోటు. బూజునకు ఇంతకంటె కావలసినదేమి? బూజు విత్తనములు గాలిలో ఎల్లప్పుడు ఎగురుచునే యుండును. తడిసిన వస్తువు ఒకటి రెండు దినములలో ఆఱనియెడల అవి అందు మొలకెత్తుట కారంభించును. గోడకు బ్లీచింగు నీరు పూసినచో నలుపు వదలి తెలుపగును గాని లోపలి వేళ్లు చావవు. తడి మిగిలియున్నంతకాలము మఱల లేచును. మేస్త్రి వచ్చి, మమ్ము ఒక్కమాటయు అనక, మూడున్నర అడుగుల యెత్తువఱకు గిలాబాను చెక్కివేసెను. లేవీయకాండపు యాజకుడు చేయించిన పని సరిగా అదియే! తడి గుఱుతునకు అరయడుగు పైనుండి చెక్కవలెనని అతడు చెప్పెను. ఏలయన నీరు నిలిచిన మట్టముకంటె పైకి ప్రాకియుండును. చెక్కునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పెళ్లలను గోనెలలో నెత్తి బయటికి పంపితిమి.

అటుపిమ్మట తెల్లని ఉప్పు బయలుదేరెను. ఇటుకలోను మట్టిలోను కరగియున్న లవణములు నీటితో గోడ ముఖమునకు వచ్చి, నీరు ఆవిరి కాగా అచ్చట స్ఫటికములై నిలుచును. ఈ స్ఫటికములు పెరుగుచు పూతను లోపలనుండి త్రోసివేయును. పెచ్చులూడుటకు కారణము తఱుచు ఇదియే. దీనిని చూచి కంగారుపడి నీటితో కడుగుదురు. అట్లు చేసినచో ఉప్పు కరగి తిరిగి లోపలికే పోవును. పొడి కుంచెతో దులిపి, చేటతో ఎత్తి పాఱవేయవలెను. పదిసార్లు దులుపవలసివచ్చినను అట్లే చేయవలెను. మేము ప్రతి శనివారము దులిపితిమి. ఏప్రిలు నడుమ వఱకు వచ్చుచునే యుండి, పిదప తగ్గెను.

గోడ ఆఱినదో లేదో తెలిసికొనుటకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. మూరెడు చదరపు పాలిథీను కాగితమును గోడకు ఆనించి, నాలుగంచులను టేపుతో గాలి చొరకుండ అంటించి, ఒక దినముంచవలెను. మఱునాడు కాగితము లోపలివైపు నీటి బిందువులున్నచో గోడ యింకను పచ్చిది. మా యింట మే నెల రెండవ వారమున గాని ఆ కాగితము పొడిగా రాలేదు.

అప్పుడు సున్నము వేయించితిమి. సున్నమును ఈ కాలమువారు చిన్నచూపు చూచుచున్నారు. సున్నపురాయిని కాల్చినచో బొగ్గుపులుసు గాలి పోయి కాల్చిన సున్నము మిగులును. నీరు పోసినచో బుసబుస పొంగి తడిసున్నమగును. గోడమీద పూసినచో గాలిలోని బొగ్గుపులుసు గాలిని మఱల పీల్చుకొని సున్నపురాయిగా తిరుగును. రాయి రాయిగా మాఱువఱకు అది గోడను ఊపిరి పీల్చనిచ్చును, లోపలి తేమను బయటికి పోనిచ్చును. తడిసున్నపు క్షారమునకు బూజు ఓర్వలేదు. మన పెద్దలు ఏటేట వెల్లవేయుట పండుగ శోభకు మాత్రమే కాదని మాకు అప్పుడు తెలిసినది. మేస్త్రి కూలితో సహా అది రంగుకు మేము తగులబెట్టిన సొమ్ములో నాలుగవవంతు కాలేదు.

మట్టిగోడల యిండ్లకు ఈ మాటలన్నియు చెల్లవు. గోదావరి లంకలలో మెఱకమీద ఇండ్లు కట్టుకొన్నవారికి వరదలు క్రొత్త కావు. 2022 జూలై మాసమున ధవళేశ్వరమువద్ద ఇరువదియైదు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ మెఱకలును చాలలేదు. మట్టిగోడ అడుగున నాని మెత్తబడి, పైబరువునకు క్రుంగును. అట్టి యింట ఆఱునని నిద్రింపరాదు. పైకప్పునకు ముందుగా పోటులు పెట్టి, తెలిసినవానిచేత చూపించిన పిదపనే లోపలికి పోవలెను.

కలప విషయము కొంచెము చెప్పెదము. తలుపులు ఉబ్బి గుమ్మములో పట్టుకొనును. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించరాదు. ఉబ్బినప్పుడు చెక్కిన తలుపు వేసవిలో ఎండి కుదించుకొనును. అప్పుడు సందులోనుండి తేళ్లు వచ్చునంత వెడల్పగును. మా పొరుగువారి తలుపుల గతి యిదియే. తలుపును బందులూడదీసి నీడలో అడ్డముగా పరచి, క్రింద సమానమైన దిమ్మలు పెట్టి ఆఱనీయవలెను. ఎండలో బెట్టినచో ఒకప్రక్క ముందుగా ఆఱి వంకరపోవును. టేకు సామాను చాలవఱకు దారికి వచ్చును. రంపపుపొట్టును జిగురుతో నొత్తి చేసిన పలకల బీరువాలు మాత్రము ఒకసారి ఉబ్బినచో మఱల కుదురుకొనవు. వానిమీద సొమ్ము వ్యయపఱచుట వ్యర్థము.

తడిసిన బియ్యము, పప్పులు, మూత బిగువులేని యూరగాయలు పాఱబోయవలెను. ఇది గృహిణులకు మిక్కిలి కష్టమని ఎఱుగుదుము. మా యింట నాలుగు జాడీల ఆవకాయ ఉండెను. పైన నూనె తేలుచున్నది గదా, నీరు లోపలికి పోయియుండదని వాదము జరిగినది. వరదనీటిలో మరుగుదొడ్ల నీరు కలిసియున్నదని గుర్తుచేయగా వాదము ముగిసెను. దూదిపరుపులును పోయినవి. స్టీలు పాత్రలు సబ్బుతో కడిగి, కాగు నీటిలో వేసి తీసినచో చాలును.

నూతిలోనికి వరద దిగినయెడల ఆ నీటిని పూర్తిగా తోడించి, బురద తీయించి, క్రొత్త నీరూరిన పిదప క్లోరిను వేయవలెను. దీనికి లెక్క యున్నది. సామాన్యముగా వేయి లీటర్ల నీటికి మంచి బ్లీచింగు పొడి 2½ గ్రాములు కావలెను. రెండు మీటర్ల వ్యాసము, మూడు మీటర్ల నీరు గల నూతిలో నీరెంత? 3.14ను వ్యాసము వర్గముతో గుణించి, నీటి లోతుతో గుణించి, నాలుగుతో భాగింపుడు: 9.42 ఘనపు మీటర్లు, అనగా 9,420 లీటర్లు. పొడి సుమారు 24 గ్రాములు. కాని ఇది తేటనీటి లెక్క. వరద తగిలిన నూతిలో మలినము హెచ్చు గనుక పొడి యింకను కావలసివచ్చును. కావున గంటసేపు గడచిన వెనుక నీటిని పరీక్షించి, లీటరునకు అర్ధ మిల్లీగ్రాము క్లోరిను మిగిలియున్నదో లేదో ఆరోగ్యశాఖవారిచేత చూపించుకొనవలెను. అంతవఱకు కాచిన నీరే త్రాగవలెను.

ఇంక కాగితములు. మా పాఠశాలలో సర్టిఫికెట్లు తడిసిపోయిన పిల్లలు చాలమంది యుండిరి. అట్టివారు వానిని విడదీయవలెనని గోళ్లతో లాగుదురు, లాగినచో చినుగును. దస్తావేజులు పోయినచో రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరకును, సర్టిఫికెటునకు బోర్డువారు నకలిత్తురు. వానికై దుఃఖపడి కూర్చుండ బనిలేదు. నకలు దొరకనివి వేఱు.

1966 నవంబరు 4వ తేదీన ఇటలీ దేశపు ఫ్లోరెన్సు నగరములో ఆర్నో నది పొంగి అచ్చటి జాతీయ గ్రంథాలయములోని లెక్కకు మిక్కిలియగు పాత పుస్తకములను బురదలో ముంచెను. దేశదేశములనుండి యువకులు వచ్చి, వరుసగా నిలిచి, ఒక్కొక్క పుస్తకమును చేతినుండి చేతికి అందించి బయటికి తెచ్చిరి. వారిని బురద దేవదూతలని నేటికిని పిలుచుదురు. తడిసిన పుస్తకములను రక్షించు శాస్త్రము చాలవఱకు ఆ విపత్తునుండియే పెరిగినది. దాని మొదటి సూత్రము: ఆఱబెట్టుటకు తీరిక లేనిచో గడ్డకట్టించుము. గడ్డకట్టిన పుస్తకములో బూజు పెరుగదు. తీరిక దొరకినప్పుడు ఒక్కొక్కటి తీసి ఆఱబెట్టుకొనవచ్చును.

మా తల్లిగారి బైబిలు బీరువా క్రింది అరలో నుండెను. దాని ముందు ఖాళీ పుటలమీద మా యింటి పుట్టుకలు, బాప్తిస్మములు, వివాహములు వ్రాయబడియున్నవి. నీరు తీసిన దినమున అది ఇటుకవలె బరువుగా నుండెను. తెఱచుటకు సాహసింపక, పాలిథీను సంచిలో చుట్టి, గుడివాడలోని మా చెల్లెలి యింటికి పంపితిమి. ఆమె తన ఫ్రిజ్జిలో మంచుగడ్డల యరలో ఉంచెను. చేపలు పెట్టుకొను చోట బైబిలు పెట్టితివేమని పొరుగువారు అడిగిరట. డిసెంబరు సెలవులలో దానిని తెచ్చి, మంచు కరగిన పిదప, పుటలను పది పదిగా విడదీసి, నడుమ అచ్చులేని తెల్లకాగితములు పెట్టి, ఆ కాగితములను దినమునకు రెండుసార్లు మార్చుచు, ఫ్యాను గాలిని నేరుగా తగులనీయక ఆఱబెట్టితిమి. మూడు వారములు పట్టెను. అట్ట ఊడిపోయినది, కీర్తనల గ్రంథములో కొన్ని పుటలు అంటుకొనిపోయినవి. తక్కినది దక్కినది.

ఛాయాచిత్రములకు మార్గము వేఱు. అవి తడిసి ఒకదానికొకటి అంటుకొన్నచో ఆఱనీయరాదు; ఆఱినచో విడవు. శుభ్రమైన చల్లనినీటిలో ఉంచి, వానంతట అవి విడునప్పుడు తీసి, బొమ్మను తాకక, అంచులు పట్టుకొని త్రాటికి వ్రేలాడదీయవలెను. మా వివాహపు ఆల్బములో పదునొకండు బొమ్మలట్లు దక్కినవి.

బైబిలు ముందు పుటలలో ఒక విచిత్రము చూచితిమి. మేము సిరాకలముతో అందముగా వ్రాసిన మా పిల్లల పేర్లు నీలి మేఘములై పోయినవి. నీటిలో కరగు సిరా యది. బాల్ పాయింటు కలముతో మా అన్నగారు వ్రాసినవి చదువవచ్చును, ఏలయన అందలి సిరా నూనెవంటిది. పెన్సిలుతో వ్రాసినవి ఏమాత్రము చెడలేదు. పెన్సిలు గీత గ్రాఫైటు పొడియే గాని సిరా కాదు, నీరు దానిని ఏమియు చేయజాలదు. మా తల్లిగారు అక్షరములు నేర్చిన క్రొత్తలో అన్నియు పెన్సిలుతోనే వ్రాసెడివారు. ఆమె చేతివ్రాతతో, మాకంటె ముందు పుట్టి పదునొకండు దినములు మాత్రము బ్రతికిన శిశువు పేరును, పుట్టిన తేదీయును ఆ పుటలో నున్నవి. ఆ శిశువునకు బాప్తిస్మము కాలేదు గనుక సంఘపు రిజిష్టరులో లేదు. పుట్టుకను ఏ కచేరీలోను వ్రాయించియుండలేదు. మా తల్లిగారు పోయి చాల సంవత్సరములైనది.

మా పిల్లల పేర్లను మఱల ఆ పుటలోనే, ఈసారి పెన్సిలుతో వ్రాసితిమి. పుటకు ఛాయాచిత్రము తీయించి ఒకటి గుడివాడకు పంపితిమి. బైబిలు ఇప్పుడు మేడమీది అరలో నున్నది.